బెంగళూరు నుంచి మట్టిదారి పట్టడానికి ఎలక్ట్రిక్ బండా, పెట్రోల్ బండా?

ప్రశ్న: హూడిలో అద్దె అపార్ట్‌మెంట్‌లో ఉంటాను. నెలకు రెండు వారాంతాలు బైక్ మీద ఆఫ్‌రోడింగ్‌కి వెళ్లాలని ఉంది. మదనపల్లె దగ్గర నాన్నగారికి మామిడి తోట ఉంది, అక్కడా పనికొస్తే మంచిదే. బడ్జెట్ రెండున్నర లక్షలు. ఎలక్ట్రిక్ తీసుకోనా, పెట్రోలా?

జవాబు: మీ పరిస్థితిలో నేనుంటే పెట్రోల్ బండే కొంటాను. అలాగని ఎలక్ట్రిక్ అంటే నాకు పడదనుకోకండి. మట్టిలో తోలడానికి నాకు ఎక్కువ నచ్చింది అదే. ఇబ్బందల్లా మట్టి దాకా వెళ్లే తారు రోడ్డుతోనే.

నేను కేఆర్ పురంలో ఉంటాను, సొంతూరు చిత్తూరు వైపు. ఆరేళ్లుగా ఒక 200 సీసీ పెట్రోల్ బండి నడుపుతున్నాను. రెండేళ్ల కిందట మా బావమరిది శ్రీనివాసపురం దగ్గర తన మామిడి తోట కోసం ఎలక్ట్రిక్ డర్ట్ బైక్ కొన్నాడు. నంబర్ ప్లేట్ ఉండదు, చూడ్డానికి సైకిల్‌కి పెద్దన్నలా ఉంటుంది. తోటకు వెళ్లినప్పుడల్లా దాన్ని నేనే లాక్కుంటాను, ఆయన గేటు దగ్గర నిలబడి గొణుక్కుంటాడు. కాబట్టి రెండు రకాల బండ్ల మీద నుంచీ కింద పడ్డ అనుభవం నాకుంది.

ముందు తారు రోడ్డు సంగతి. మా ఆఫీసు స్నేహితుడి దగ్గర రోడ్డు మీద తిరిగే ఎలక్ట్రిక్ మోటార్ సైకిల్ ఉంది. కాగితం మీద దాని రేంజ్, అంటే ఒక్క ఛార్జ్‌తో పోయే దూరం, 200 కిలోమీటర్ల పైమాటే. ఒక శనివారం అతను దాని మీద, నేను నా బండి మీద హార్స్‌లీ హిల్స్‌కి బయల్దేరాం. (మా అమ్మమ్మకి ఇప్పటికీ అది ఏనుగుమల్లమ్మ కొండే.) హొసకోట దాటాక రోడ్డు ఖాళీగా కనిపించేసరికి ఎనభై, తొంభైలో పోయాం. చింతామణి చేరేసరికి బ్యాటరీ సగానికన్నా కిందకి దిగింది. ఇంకా అంత దూరమూ ఉంది, పైగా ఘాట్ ఎక్కాలి. ఊళ్లో ఒక చిన్న హోటల్‌లో బతిమాలి, గ్రైండర్‌కి వాడే పెద్ద ప్లగ్గులో ఛార్జర్ పెట్టాం. గ్రైండర్ వేస్తే వోల్టేజ్ పడిపోయి ఛార్జర్ ఆగిపోయేది. "పిండి రుబ్బేదయ్యేదాకా మీ బండికి సెలవప్పా" అంది ఓనరమ్మ. మూడు గంటలు, మూడు కాఫీలు. కొండెక్కేసరికి సాయంత్రం అయిదు. ఆఫ్‌రోడింగ్ ఏం చేశామని అడక్కండి.

ఇందులో బండి తప్పేమీ లేదు. కాగితం మీది రేంజ్ నగరం వేగాలతో చేసే పరీక్షలో వచ్చేది. గాలి ఎదురు తోసే బలమేమో వేగం రెండింతలైతే నాలుగింతలవుతుంది. 45లో పోయే బండికి, 90లో పోయే బండికి తేడా అక్కడే వస్తుంది. పెట్రోల్ బండికీ ఇదే గాలి, ఇదే లెక్క. కానీ దాని ట్యాంకు ఎంత దాచుకుంటుందో చూడండి. లీటరు పెట్రోల్‌లో దాదాపు 9 యూనిట్ల శక్తి ఉంటుంది. కరెంటు బిల్లులో రాసే యూనిట్లే, అంటే కిలోవాట్ అవర్లు. ఇంజన్ అందులో నాలుగింట మూడు వంతులు వేడిగా పారేసిందనుకున్నా, హీరో వాళ్ల ఎక్స్‌పల్స్ 200 బైక్ ట్యాంకులో పట్టే 13 లీటర్లకు చక్రం దగ్గర పాతిక యూనిట్లకు పైనే మిగులుతుంది. మన బెంగళూరు కంపెనీ అల్ట్రావయొలెట్ 2025 మార్చిలో చూపించిన షాక్‌వేవ్ ఎలక్ట్రిక్ బైక్‌లో బ్యాటరీ మొత్తం 4 యూనిట్లు. పైగా పెట్రోల్ అయిపోతే పక్క ఊరి కిరాణా కొట్లో కూడా సీసాలో దొరుకుతుంది. (అలా అమ్మకూడదనుకోండి.)

ఇక మట్టిలోకి దిగాక కథ తిరగబడుతుంది. తోటలో, చెరువు కట్ట మీద, రాళ్ల దారిలో వేగం పదిహేను, ఇరవై దాటదు. గాలి లెక్క అక్కడ పోయింది. ఫస్ట్ గేర్‌లో ఏడుస్తూ, ఆగినప్పుడు కూడా పెట్రోల్ తాగేది ఇంజనే. ఎలక్ట్రిక్ బండి ఆగితే ఏమీ తాగదు. సున్నా వేగం నుంచే మోటార్ పూర్తి టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) ఇస్తుంది, క్లచ్ లేదు, బండి ఆఫ్ అవడమన్నది లేదు. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా పడేది ఎక్కడో తెలుసా? ఎత్తు ఎక్కుతూ సగంలో ఇంజన్ ఆగిపోయినప్పుడు. కాలు కింద పెడదామంటే కింద నేల అందదు, బండితో సహా పక్కకి ఒరిగిపోతాం. నేను మొదటి ఏడాది ఇలా పడింది లెక్కపెట్టలేదు. బావమరిది బండి మీద అలా ఒక్కసారి కూడా పడలేదు.

దాని మీద పడ్డ కారణం వేరు, నవ్వొస్తుంది కానీ జాగ్రత్తగా వినండి. చెట్టు కింద ఆపి దిగాను. బండి ఆన్‌లో ఉందని మర్చిపోయాను, చప్పుడుంటే కదా గుర్తుండటానికి! వెనక్కి లాగుదామని కుడి హ్యాండిల్ పట్టుకున్నాను, యాక్సిలరేటర్ తిరిగింది. బండి నా చేతుల్లోంచి లేచి వెళ్లి బంగినపల్లి చెట్టుకి గుద్దుకుంది. చెట్టుకి ఏమీ కాలేదు, నా మణికట్టు నెల రోజులు బాధపెట్టింది. అప్పట్నుంచి దిగే ముందు స్విచ్ ఆపేయడం, చేతికి తగిలించుకునే కిల్ స్విచ్ తాడు (అది ఊడితే మోటార్ ఆగిపోతుంది) వాడటం మానలేదు. ఇంట్లో పిల్లలుంటే బండి తాళం మీ జేబులోనే ఉండాలి.

దానికి వెనక బ్రేకు కాలికి ఉండదు, రెండూ చేతికే. నిలబడి నడపడం అలవాటైనవాళ్లకి మొదట్లో కాలు గాలిలో వెతుక్కుంటుంది. క్లచ్ లేకపోవడం కూడా అందరికీ వరం కాదు. బాగా చెయ్యి తిరిగినవాళ్లు క్లచ్‌తోనే ముందు చక్రం లేపి రాయి దాటిస్తారు. వాళ్లకి చేతిలో పనిముట్టు పోయినట్టు ఉంటుంది. మీకూ నాకూ ఆ బాధ లేదు. దిగుడులో మోటారే బండిని పట్టి ఆపి, కొంచెం కరెంటు వెనక్కి పంపుతుంది. హార్స్‌లీ ఘాట్ దిగినప్పుడు మా స్నేహితుడి బండికి రెండు శాతం పెరిగింది. కానీ నిండుగా ఛార్జ్ చేసి కొండపై నుంచి బయల్దేరితే బ్యాటరీలో చోటుండదు కాబట్టి ఆ పట్టు సరిగా ఉండదు. అప్పుడు బ్రేకుల మీదే దిగాలి.

నీళ్ల విషయంలో జనం భయం తలకిందులుగా ఉంది. కరెంటు బండి నీళ్లలోకి పోతే షాక్ కొడుతుందని అందరూ అడుగుతారు. నీళ్లలో చచ్చింది నా పెట్రోల్ బండి. సకలేశ్‌పూర్ దగ్గర ఒక వాగులో లోతు చూసుకోకుండా దిగాను, గాలి పీల్చే దారిలోంచి నీళ్లు సిలిండర్‌లోకి వెళ్లాయి. అలాంటప్పుడు సెల్ఫ్ కొట్టకూడదు, నీళ్లు నలగవు కాబట్టి లోపల కనెక్టింగ్ రాడ్డే వంగిపోతుంది. స్పార్క్ ప్లగ్ విప్పి, ఇంజన్ తిప్పి నీళ్లు బయటికి కక్కించి, ఆయిల్ తెల్లబడిందేమో చూసి మార్చుకోవాలి. కాఫీ తోటలో పనిచేసే ఒకాయన ఈ పనంతా గంటలో చేసిపెట్టాడు. ఎలక్ట్రిక్‌కి గాలి పీల్చే పనే లేదు. బ్యాటరీకి ఐపీ 67 రేటింగ్ ఉంటే మీటరు లోతు నిలకడ నీళ్లలో అరగంట ఉన్నా లోపలికి నీళ్లు పోకూడదు. అయితే ఆ పరీక్ష నిలకడ నీళ్లది, ప్రెషర్ వాషర్‌ది కాదు. మా బావమరిది బురద పోగొడదామని దగ్గర నుంచి ప్రెషర్ కొట్టించాడు, ఒక కనెక్టర్‌లోకి తడి చేరింది, మోటార్‌కి కరెంటు ఎంత పంపాలో చూసే కంట్రోలర్ పోయింది.

అక్కడ మొదలైంది టెన్షన్. శ్రీనివాసపురంలోనూ, ముళబాగిలులోనూ నా బండి విప్పని మెకానిక్ లేడు. ఈ ఎలక్ట్రిక్ బండిని చూసి అందరూ చేతులెత్తేశారు. అమ్మినవాళ్లు విడిభాగం తెప్పించి బిగించేసరికి ఏడు వారాలైంది. మామిడి కాపు మొత్తం ఆయన పాత మోపెడ్ మీదే తిరిగాడు. ఏ బండి కొన్నా అడగాల్సిన మొదటి మాట రేంజ్ గురించి కాదు. కంట్రోలర్, డిస్‌ప్లే, ఛార్జర్ ఈ మూడూ బెంగళూరులో స్టాక్ ఉంటాయా లేదా అన్నది. వారంటీ కాగితంలో ఆఫ్‌రోడ్, పోటీలు అన్న మాటలు ఎక్కడున్నాయో కూడా చూసుకోండి.

మామూలు మెయింటెనెన్స్ మాత్రం ఎలక్ట్రిక్‌కి తక్కువే. నేను కోలారు ఎర్ర దుమ్ములో తిరిగొచ్చిన ప్రతిసారీ ఎయిర్ ఫిల్టర్ కడుక్కోవాలి. చైను, టైర్లు, బేరింగులు ఇద్దరికీ సమానమే.

డబ్బు లెక్కలో ఆశ పెట్టుకోకండి. వారాంతానికి 200 కిలోమీటర్లు తిరిగితే నాకు ఆరు లీటర్లు, అంటే ఆరు వందల పైచిలుకు. నెలకు రెండుసార్లు తిరిగేవాడు పెట్రోల్ మీద మిగిల్చి ఎలక్ట్రిక్ ధర రాబట్టుకోవడం జరిగే పని కాదు. రోజూ ఆఫీసుకి కూడా అదే బండి అయితే లెక్క మారుతుంది. కానీ మీది అద్దె ఇల్లు. బేస్‌మెంట్‌లో ప్లగ్ పాయింట్ కోసం మా అసోసియేషన్‌లో మూడు నెలలు మీటింగులు నడిచాయి, నేను సొంత ఫ్లాట్ వాణ్ణి అయ్యుండి కూడా. బ్యాటరీ ఊడదీసి లిఫ్టులో పైకి తెచ్చుకునే రకమైతే ఈ గొడవ ఉండదు.

చాలామంది మోసపోయేది నంబర్ ప్లేట్ దగ్గర. మోటార్ శక్తి 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటేనే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. అంతకన్నా బలమైన డర్ట్ బైకుని "ఎలక్ట్రిక్ కదా సార్, లైసెన్సు వద్దు" అని అమ్మేవాళ్లున్నారు, నమ్మకండి. రిజిస్ట్రేషన్ లేని అలాంటి బండి సొంత స్థలంలోనే తిరగాలి. బావమరిది దాన్ని టాటా ఏస్‌లో తోటకి తెచ్చుకున్నాడు. చప్పుడు లేదు కదా అని రిజర్వ్ ఫారెస్ట్‌లోకి దూరడం కూడా కుదరదు. అనుమతి లేకుండా వెళ్తే పెట్రోల్ అయినా కరెంటు అయినా కేసు ఒకటే. సావనదుర్గ, స్కందగిరి వైపు వెళ్తే ఇది గుర్తుపెట్టుకోండి.

నాలుగు చక్రాల మాట మీరు అడగలేదు కాబట్టి పొడిగా చెప్తాను. మారుతి వాళ్ల పెట్రోల్ జీపు జిమ్నీ దాదాపు 1,200 కిలోలు, పెద్ద బ్యాటరీ ఎస్‌యూవీలు రెండు టన్నులు దాటుతాయి. ఇసుకలో దిగబడ్డాక బయటికి లాగే రోజున ఆ తేడా తాడుకి తెలుస్తుంది. బైకుల్లో ఇది తిరగబడింది చూడండి: షాక్‌వేవ్ 120 కిలోలని చెప్పారు, రాయల్ ఎన్‌ఫీల్డ్ పెట్రోల్ బండి హిమాలయన్ 450 అయితే 196. పడ్డ బండిని ఎండలో మూడోసారి లేపేటప్పుడు ఆ 76 కిలోలు గుర్తొస్తాయి.

ఇప్పుడు మీ సంగతికి వస్తే, మీకు నిజానికి రెండు అవసరాలున్నాయి, రెండిటికీ ఒకటే బండి వెతుకుతున్నారు. హూడి నుంచి మదనపల్లెకి వంద కిలోమీటర్ల పైనే హైవే. బండి మీతో పాటు తిరగాలంటే పెట్రోల్. నాన్నగారు రోజూ తోటలో బోరు దాకా, గేటు దాకా తిరగడానికి అక్కడే ఉండిపోయే బండి కావాలంటే ఎలక్ట్రిక్, అదీ ఊడదీసే బ్యాటరీ ఉన్నది. తోటలో కరెంటు వంతుల మీద వస్తుంది కాబట్టి బ్యాటరీని ఇంటికి తెచ్చి ఛార్జ్ చేసుకోవాలి. ఆయన్ని ముందు ఒకసారి తోలి చూడమనండి. మా మామగారు ఒక్క రౌండు వేసి "ఇది బండి కాదబ్బా, దెయ్యం" అని మళ్లీ మోపెడ్ ఎక్కేశారు.

కొనే ముందు మీరూ అద్దె బండి మీద ఒక రోజు శిక్షణ తీసుకోండి. 2015లో డకార్ ర్యాలీ (రోజుల తరబడి ఎడారుల్లో సాగే పోటీ) పూర్తి చేసిన తొలి భారతీయుడు సి.ఎస్. సంతోష్ పెట్టిన బిగ్ రాక్ డర్ట్‌పార్క్ కోలారు వైపే ఉంది. రెండున్నర లక్షల్లో నేనైతే సెకండ్ హ్యాండ్ 200 సీసీ బండి తీసుకుని, మిగిలిన డబ్బుతో మంచి బూట్లు, మోకాలి గార్డులు, మెడ దాకా వచ్చే ఆర్మర్ కొంటాను. ఆ సెకండ్ హ్యాండ్ బండి చూసేటప్పుడు ఎయిర్ బాక్స్ (ఎయిర్ ఫిల్టర్ ఉండే పెట్టె) మూత తీయించి లోపల వేలితో రుద్ది చూడండి. ఫిల్టర్‌కి ఇంజన్ వైపున్న గొట్టంలో వేలికి ఎర్ర మట్టి అంటితే దుమ్ము ఇంజన్‌లోకి పోయిందన్నమాట, ధర ఎంత తగ్గించినా వదిలేసి వచ్చేయండి.