చేపలు శుభ్రం చేసే యంత్రానికి బంగారం తాకట్టు పెట్టవచ్చా?

ప్రశ్న: హనుమకొండలో నేనూ మా వారూ పదకొండేళ్లుగా చేపల దుకాణం నడుపుతున్నాం. ఆదివారం సుమారు 280 కిలోలు, మిగతా రోజుల్లో 65 కిలోల వరకు అమ్ముతాం. శనివారం సెలవు. నెలకు 18,000 రూపాయల జీతం మీద ఒకరు, ఆదివారాల్లో మాత్రం రోజుకు 1,000 రూపాయల కూలి మీద మరో ఇద్దరు చేపలు కోస్తారు. పొలుసు తీసే యంత్రం 85,000, కడుపు కోసి పేగులు తీసే యంత్రం 3,40,000, మొత్తం 4,25,000 రూపాయలకు ఒక డీలర్ కొటేషన్ ఇచ్చారు. తెలిసిన వ్యాపారి దగ్గర బంగారం పెట్టి రూపాయిన్నర వడ్డీకి తెద్దామనుకుంటున్నాం. ముగ్గురి కూలీ మిగులుతుందని, పన్ను కూడా తగ్గుతుందని డీలర్ అంటున్నారు. కొనవచ్చా?

జవాబు: రెండు యంత్రాలనూ ఒకే నిర్ణయంగా చూడవద్దని ముందుగా మనవి చేస్తున్నాను. పొలుసు తీసే యంత్రం మీ దుకాణానికి పనికివచ్చే అవకాశం ఉంది. పేగులు తీసే యంత్రం మాత్రం ఇప్పుడు అవసరం లేదు. బంగారం తాకట్టు పెట్టి రూపాయిన్నర వడ్డీకి తేవడం ఈ రెండింటిలో దేనికీ తగదు.

డీలర్ వేసిన లెక్క తేలికగానే అర్థమవుతుంది. జీతం 18,000, ఆదివారం కూలీలు 8,000, కలిపి నెలకు 26,000 రూపాయలు మిగిలితే పదహారు పదిహేడు నెలల్లో యంత్రాల ఖర్చు తిరిగి వస్తుంది. అయితే ముగ్గురూ మానేశాక మీ దుకాణంలో ముక్కలు ఎవరు కొడతారో ఆ లెక్కలో లేదు. మీ దగ్గరికి వచ్చేవారు శుభ్రమైన చేపను అలాగే తీసుకుపోరు; పులుసుకు ఒక రకం ముక్క, వేపుడుకు మరో రకం అడుగుతారు, తలకాయను రెండుగా చీల్చమంటారు, వానాకాలంలో జన (చేప గుడ్లు) ఉంటే చెదరకుండా విడిగా తీసి ఇమ్మంటారు. కొర్రమీను కొనేవారైతే బతికున్న చేపను కళ్లముందే కోయించుకుంటారు. ఈ పనులన్నీ చేతివే కనుక, ఏ యంత్రం వచ్చినా జీతం మీద ఉన్న వ్యక్తి ఉండవలసిందే. అతని పనితనం తెలిసి వచ్చే ఖాతాదారులు మీకు కొందరైనా ఉంటారని నా అనుమానం.

కాబట్టి నిజంగా తగ్గగలిగేది ఆదివారం కూలి మాత్రమే. ఇద్దరిలో ఒకరు తగ్గితే నెలకు 4,000, ఇద్దరూ తగ్గితే 8,000 రూపాయలు. ఇక 4,25,000 రూపాయల మీద రూపాయిన్నర వడ్డీ నెలకు 6,375 రూపాయలవుతుంది. ఒకరు తగ్గితే వచ్చే ఆదా వడ్డీకే చాలదు. ఇద్దరూ తగ్గినా కరెంటు, మరమ్మతు, బ్లేళ్ల ఖర్చు పోగా అసలుకు జమయ్యేది దాదాపు ఏమీ ఉండదు. పైగా మీ వ్యాపారానికి పంచాంగంతో సంబంధం ఉంది. మృగశిర కార్తె నాడు దుకాణం ముందు నిలబడే చోటు ఉండదు, శ్రావణంలోనూ కార్తీకంలోనూ బేరం పడిపోతుంది. వడ్డీ మాత్రం కార్తీకమని ఆగదు.

పేగులు తీసే యంత్రం మీకు నప్పకపోవడానికి డబ్బు ఒక్కటే కారణం కాదు. ఇటువంటి యంత్రాలు ఒకే జాతి, ఒకే సైజు చేప వేలకొద్దీ వచ్చే చోట పుట్టాయి. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అమెరికాలోని సియాటిల్‌లో ఎడ్మండ్ స్మిత్ సాల్మన్ చేపల తల, రెక్కలు, పేగులు తీసే యంత్రాన్ని తయారు చేశారు. కొద్ది వారాల సీజన్‌లో నదుల్లోకి ఎగబడి వచ్చే సాల్మన్‌ను డబ్బాల్లో నింపే కర్మాగారాలు అక్కడ ఉన్నాయి కనుకనే దానికి గిరాకీ వచ్చింది. జర్మనీలోని ల్యూబెక్‌లో 1919లో మొదలైన బాడర్ సంస్థ యంత్రాలు కూడా అటువంటి పెద్ద కర్మాగారాల కోసమే. మీ బల్ల మీదికి ఒకే గంటలో కిలో రోహు, మూడు కిలోల బొచ్చె, అరకిలో తిలాపియా వస్తాయి. సైజు మారిన ప్రతిసారీ యంత్రాన్ని సర్దుకోవాలి; సర్దకపోతే బ్లేడు లోతుగా దిగి చేదు సంచి పగులుతుంది, జన ఉన్న చేపలో జన పాడవుతుంది. మీ మనిషి కత్తిపీట మీద ఆ సంచిని వేలితో తప్పించి తీసే పనికి మీరు ఇప్పుడు విడిగా ఏమీ చెల్లించడం లేదు.

ఆ యంత్రం ఎప్పుడు గిట్టుబాటవుతుందో కూడా చెబుతాను. ధరను అయిదేళ్లకు పంచితే ఏడాదికి 68,000 రూపాయలు, బ్యాంకు వడ్డీ 11 శాతం అనుకుంటే ఏడాదికి సగటున 20,000 పైచిలుకు, మరమ్మతులకు 12,000 వేసుకుంటే మొత్తం లక్ష రూపాయలవుతుంది. హోటళ్లకో హాస్టళ్లకో శుభ్రం చేసిన చేపను సరఫరా చేసి, మనిషి కూలి, నీళ్లు, కరెంటు పోగా కిలోకు 8 రూపాయలు మిగిలించుకోగలరనుకుందాం. అప్పుడు ఏడాదికి 12,500 కిలోలు, అంటే నెలకు వెయ్యి కిలోలకు పైగా, ఒకే సైజు చేప కావాలి. మీ మొత్తం అమ్మకమే నెలకు 2,550 కిలోలు, అదీ అన్ని రకాలూ కలిపి. అటువంటి సరఫరా ఒప్పందం కాగితం మీద చేతికి వచ్చిన రోజున ఈ ప్రశ్న మళ్లీ అడగండి.

పొలుసు తీసే యంత్రం సంగతి వేరు. ఆదివారం ఉదయం వరుస పెరిగేది పొలుసు గీకే దగ్గరే. నీళ్లు పడుతూ తిరిగే డ్రమ్ములో చేపలు లోపలి గరుకు గోడకు రాసుకుని పొలుసు వదులుతుంది కనుక, సైజు కొంత అటూ ఇటూ అయినా సర్దుకుంటుంది. డ్రమ్ము వేగాన్ని మార్చుకునే వీలుందో లేదో తప్పక చూడండి. ఒకే వేగంతో తిప్పితే మెత్తని చేప నలుగుతుంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ ఇలా వేగం మార్చుకోగల డ్రమ్ము యంత్రాన్ని రూపొందించింది. నీళ్లు ఎక్కువగా పడతాయి కాబట్టి మీ మురుగు కాలువకు జాలీ బిగించే ఖర్చు కూడా కలుపుకోండి.

ఈ యంత్రంతో ఒక ఆదివారం మనిషి తగ్గితే 4,000, కరెంటు, నీళ్లు, మరమ్మతులకు 700 తీసేస్తే నెలకు 3,300 రూపాయలు మిగులుతాయి. శ్రావణ, కార్తీకాలను వదిలి ఏడాదికి పది నెలలే లెక్కలోకి తీసుకుంటే 33,000. అంటే 85,000 రూపాయలు తిరిగి రావడానికి రెండేళ్ల ఏడు నెలలు పడుతుంది. గొప్ప లాభమేమీ కాదు, నష్టం కూడా కాదు. వరుస చూసి వెనుదిరిగే ఖాతాదారులు ఆగితే వచ్చే అమ్మకం దీనికి అదనమే అయినా, అప్పు తీర్చే లెక్కలో దాన్ని చేర్చవద్దు.

ఇక అప్పు విషయం. కేంద్ర ప్రభుత్వం 2020లో ప్రారంభించిన సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల పథకం (పీఎంఎఫ్‌ఎంఈ) కింద ప్రాజెక్టు వ్యయంలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల రూపాయల సబ్సిడీ ఉంది. మీ వాటా కనీసం 10 శాతం. మీ పొలుసు యంత్రానికి సబ్సిడీ 29,750 రూపాయలవుతుంది. పోగా మిగిలిన 55,250 రూపాయలు ఇరవై నెలల్లోనే తిరిగి వస్తాయి. అయితే ఇది బ్యాంకు రుణంతో ముడిపడిన సబ్సిడీ. తాకట్టు డబ్బుతో ముందే యంత్రం కొనేసి, ఆ తర్వాత బిల్లు చూపితే ఇవ్వరు. సబ్సిడీ మొత్తం వెంటనే మీ చేతికి రాదు. రుణ ఖాతాకు జతగా ఉంచి, మూడేళ్లు ఖాతా సక్రమంగా నడిచాకే సర్దుతారు. చిల్లర అమ్మకపు దుకాణమంటే దరఖాస్తు నిలవకపోవచ్చు కనుక, చేపను శుభ్రం చేసి ప్యాక్ చేసే యూనిట్‌గా నిజంగానే నడపదలిస్తేనే ఈ దారి పట్టండి. గడువులు మారుతుంటాయి కాబట్టి ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందే అడగండి.

అది కుదరకపోతే ముద్ర రుణం చూడండి. 50,000 నుంచి 5 లక్షల రూపాయల వరకు ఉన్న కిశోర్ తరగతిలో తాకట్టు అవసరం లేదు. 85,000 రూపాయలకు 11 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అయితే ఈఎంఐ సుమారు 2,780 రూపాయలు వస్తుంది. నెల ఆదా 3,300 కనుక అంతరం సన్ననిదే. అందువల్ల మూడు వాయిదాలకు సరిపడా సొమ్మును విడిగా ఉంచుకున్నాకే సంతకం చేయండి. బంగారం బీరువాలోనే ఉండనివ్వండి, కుటుంబంలో ఎవరైనా ఆసుపత్రి పాలైతే ఒక్క పూటలో డబ్బు తెచ్చేది అదే.

పన్ను తగ్గుతుందన్న మాట మీకు వర్తించదు. 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానంలో 12 లక్షల రూపాయల వరకు ఆదాయమున్నవారికి రిబేటు వల్ల పన్నే లేదు. మీ ఆదాయం ఆ పరిధిలోనే ఉంటే యంత్రం తరుగుదలను (ఏటా తగ్గే విలువను) ఖర్చుగా చూపి తగ్గించుకోవడానికి ఏమీ మిగలదు. తాజా చేపపై జీఎస్టీ లేదు కాబట్టి యంత్రంపై మీరు కట్టే జీఎస్టీ కూడా వెనక్కి రాదు. కొటేషన్‌లోని 85,000లో ఆ పన్ను కలిసి ఉందో లేదో రాతపూర్వకంగా అడగండి. కలవకపోతే పైన వేసిన లెక్కలన్నీ ఆ మేరకు మారతాయి.

కొనే ముందు డీలర్ దగ్గరికి మీ చేపలతోనే వెళ్లండి. కిలో రోహు పది, మూడు కిలోల బొచ్చె నాలుగు తీసుకెళ్లి, ఎంతసేపు పట్టిందో గడియారం పెట్టి చూసుకోండి. రెక్కల మొదట్లో, పొట్ట అంచున పొలుసు మిగిలిందేమో చేతితో తడిమి చూసే పని మీ దగ్గర చేపలు కోసే వ్యక్తికే అప్పగించండి.