మెన్నోనైట్లు ఎవరు, పాలమూరుకు ఎలా వచ్చారు? – పాఠకుల ప్రశ్నలకు సమాధానాలు

ప్రశ్న: తాతల కాలం నుంచీ మాది బాప్టిస్టు సంఘం. మా మేనకోడలిని మహబూబ్‌నగర్ సంబంధానికి ఇచ్చాము. వాళ్లది ఎం.బి. సంఘమనీ, అంటే మెన్నోనైట్ బ్రదరెన్ అనీ చెప్పారు. వాళ్లూ మనలాగే పెద్దయ్యాక నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు, మనం పాడే కీర్తనలే పాడతారు. మరి పేరు ఎందుకు వేరయింది? వారికీ మనకూ చుట్టరికం ఏమైనా ఉందా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఉంది, అది నాలుగు వందల ఏళ్లకు పైబడిన చుట్టరికం. అయితే మెన్నోనైట్ల కథ అంతకన్నా ముందే, స్విట్జర్లాండులోని జూరిక్ నగరంలో మొదలవుతుంది. 1525 జనవరి 21 రాత్రి ఫెలిక్స్ మాంజ్ ఇంట్లో కొద్దిమంది ప్రార్థనకు కూడారు. అక్కడ కాన్రాడ్ గ్రేబెల్ అనే యువకుడు, అప్పటికే గురుత్వం వదిలేసిన జార్జ్ బ్లౌరాక్‌కు మళ్లీ బాప్తిస్మం ఇచ్చాడు. పుట్టిన ప్రతి బిడ్డకూ బాప్తిస్మం ఇచ్చి, ఆ బిడ్డను ఏకకాలంలో సంఘంలోనూ రాజ్యంలోనూ చేర్చుకునే రోజులవి. విశ్వాసం తెలిసి చేసుకునే నిర్ణయమనీ, అందులో ప్రభుత్వానికి జోక్యం ఉండరాదనీ అనడం అప్పటి పాలకుల దృష్టిలో తిరుగుబాటుతో సమానం. రెండేళ్లు తిరక్కుండానే, 1527 జనవరి 5న, మాంజ్ చేతులను ముడిచిన మోకాళ్లకు కట్టి, మధ్యలో ఒక కర్ర దూర్చి, పడవ మీద నుంచి లిమ్మత్ నదిలోకి తోసి ముంచి చంపారు. నాగావళి ఒడ్డున బంధువులంతా నిలబడి కీర్తనలు పాడుతుండగా బాప్తిస్మం పొందే మనవాళ్లు, ఆ హక్కు కోసం ఒకప్పుడు మనుషులు ఎంత వెల చెల్లించారో తెలుసుకోవలసి ఉంది.

మెన్నో సైమన్స్ ఈ ఉద్యమానికి ఆద్యుడు కాడు. ఆయన 1496లో నెదర్లాండ్స్‌లోని విట్‌మార్సుమ్‌లో పుట్టి, కేథలిక్ గురువై, 1536లో ఆ పదవి వదులుకుని, చెల్లాచెదురైన విశ్వాసులను కూడగట్టినవాడు. అంతకు కొద్దికాలం ముందే, 1534, 1535 సంవత్సరాల్లో, ఈ ఉద్యమంలోని ఒక వర్గం జర్మనీలోని మున్‌స్టర్ నగరాన్ని కత్తితో పట్టుకుని దారుణాలకు పాల్పడింది. ఆ మచ్చ చెరగాలంటే కత్తిని పూర్తిగా విడిచిపెట్టడమే దారి అని మెన్నో బోధించాడు. 1542లో చక్రవర్తి ఆయన తలకు 100 గిల్డర్ల వెల కట్టాడు. అయినా ఆయన పట్టుబడకుండా ఊరూరా తిరిగి సంఘాలను నిలబెట్టాడు కాబట్టి ఆ జనానికి ఆయన పేరే స్థిరపడింది.

ఇక మీ చుట్టరికం సంగతి. ఇంగ్లండు నుంచి పారిపోయి ఆమ్‌స్టర్‌డామ్ చేరిన జాన్ స్మిత్, 1609లో తనకు తానే బాప్తిస్మం ఇచ్చుకుని, తన వెంట వచ్చినవారికీ ఇచ్చాడు. బాప్టిస్టుల చరిత్ర అక్కడి నుంచే మొదలవుతుంది. కొద్దికాలానికే ఆయన అక్కడి మెన్నోనైట్లలో కలవాలని కోరుకున్నాడు. ఆయనతో ఉన్న థామస్ హెల్విస్ అందుకు ఒప్పుకోక ఇంగ్లండుకు తిరిగి వెళ్లాడు. ప్రమాణం చేయరాదు, ఆయుధం పట్టరాదు అనే మెన్నోనైట్ నియమాలను బాప్టిస్టులు స్వీకరించలేదు. రెండు సంఘాల మధ్య అసలు తేడా నీళ్ల దగ్గర లేదు, కత్తి దగ్గర ఉందని నా అభిప్రాయం.

నీళ్ల విషయంలో మరొక విశేషం ఉంది. పాత మెన్నోనైట్లు తల మీద నీళ్లు పోసి బాప్తిస్మం ఇచ్చేవారు. రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి యుక్రెయిన్ గడ్డ మీద స్థిరపడిన మెన్నోనైట్లలో కొందరు, పాత సంఘంలో ఆత్మీయత చల్లారిపోయిందని 1860లో విడిపోయి మెన్నోనైట్ బ్రదరెన్ సంఘంగా ఏర్పడ్డారు. నీళ్లలో ముంచడం ఆ శాఖ స్వీకరించిన పద్ధతి. జర్మన్ బాప్టిస్టు నాయకుడు యోహాన్ ఓంకెన్ 1869లో స్వయంగా వారి గ్రామాలకు వెళ్లి పెద్దలను అభిషేకించేటంత సాన్నిహిత్యం ఆ రెండు వర్గాల మధ్య ఏర్పడింది. ఆ సాన్నిహిత్యమే తరువాత తెలుగు నేల దాకా వచ్చింది. రష్యా మెన్నోనైట్ యువకుడు అబ్రహాం ఫ్రీజన్ హాంబుర్గ్‌లోని బాప్టిస్టు వేదపాఠశాలలో చదువుకుని, 1889లో భార్య మరియాతో కలిసి, అమెరికన్ బాప్టిస్టు మిషన్ కింద పనిచేయడానికి వచ్చి నల్గొండలో స్థిరపడ్డాడు. ఆ అమెరికన్ బాప్టిస్టు మిషన్ తొలి ప్రతినిధి శామ్యూల్ డే 1836లో విశాఖపట్నంలో దిగి, నెల్లూరు చేరకముందు కొంతకాలం మన శ్రీకాకుళంలోనే ఉన్నాడన్న సంగతి ఇక్కడివారిలో చాలామందికి తెలియదు. తరువాత మన జిల్లాలకు కెనడా బాప్టిస్టులు వచ్చారు కనుక ఆ పాత జ్ఞాపకం మరుగున పడింది.

అమెరికాలోని మెన్నోనైట్ బ్రదరెన్ వారు 1899లో సొంతంగా పని ప్రారంభించారు. ఎన్.ఎన్. హీబర్ట్ దంపతులు, ఎలిజబెత్ న్యూఫెల్డ్ హైదరాబాదు చేరిన తరువాత క్రమంగా నాగర్‌కర్నూలు, శంషాబాదు, వనపర్తి, దేవరకొండ, కల్వకుర్తి ప్రాంతాలకు సంఘాలు విస్తరించాయి. రష్యా విప్లవంతో అక్కడి గ్రామాల నుంచి నల్గొండ వైపు పనికి వచ్చే సహాయం ఆగిపోయింది. 1937లో అమెరికన్ బాప్టిస్టులు మహబూబ్‌నగర్, గద్వాల ప్రాంతాలను మెన్నోనైట్ బ్రదరెన్ వారికి అప్పగించారు. అంటే మీ మేనకోడలి అత్తవారి ఊరి సంఘం మొదట బాప్టిస్టు సంఘమే.

ఆ పాత తరంలో నాకు అత్యంత గౌరవం ఉన్న వ్యక్తి డాక్టర్ కేథరినా షెల్లెన్‌బర్గ్. ఆమె రష్యాలో పుట్టి, చిన్నతనంలో అమెరికా చేరి, వైద్యం చదివి, 1907లో వచ్చి, 1945లో శంషాబాదులో కన్నుమూసే దాకా ఇక్కడి స్త్రీలకు, పిల్లలకు వైద్యం చేసింది. జడ్చర్ల మిషనాసుపత్రి 1950ల తొలినాళ్ల నుంచి పాలమూరు ప్రజలకు తెలిసినదే. అయితే దొరల పేర్లు, దొరసానుల పేర్లు పుస్తకాలకు ఎక్కినంతగా, ఎండనక వాననక పల్లె పల్లెకు నడిచిన తెలుగు బోధకుల పేర్లు, బైబిలు స్త్రీల పేర్లు ఎక్కలేదు. సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాల, మాదిగ కుటుంబాలవారు. ఆదివారం బడిలో వారి బిడ్డలకు అక్షరాలు దిద్దించినవారు ఆ బోధకులే. మీ వియ్యాలవారి ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే, ఆ పేర్లను వారి నోట విని రాసి ఉంచమని మీ మేనకోడలికి చెప్పండి.

ప్రశ్న: మెన్నోనైట్లు ఒక దేశం నుంచి మరో దేశానికి వలస పోతూనే ఉన్నారని చదివాను. వలస అంటే ఏమిటో మా ఉద్దానంలో ప్రతి ఇంటికీ తెలుసు. వారి వలసలన్నీ విశ్వాసం కోసమేనా? అహింసను నిజంగా చివరిదాకా నిలుపుకున్నారా?
– కళాశాల అధ్యాపకుడు, పలాస

జవాబు: విశ్వాసం ప్రధాన కారణమే, కానీ భూమి కూడా అంత పెద్ద కారణం. నెదర్లాండ్స్‌లో హింస పెరిగినప్పుడు చాలామంది పోలండు రాజ్యంలోని విస్తులా నది డెల్టాకు వెళ్లి, గట్లు కట్టి, చిత్తడి నేలలను సాగులోకి తెచ్చారు. తరువాత ప్రష్యా ప్రభుత్వం, వారు సైన్యంలో చేరరన్న కారణంతో, వారి భూముల కొనుగోలుపై ఆంక్షలు పెట్టింది. అదే కాలంలో రష్యా రాణి రెండవ కేథరిన్ విదేశీ రైతులను ఆహ్వానించింది. ఆ పిలుపు మీద 1789లో ఖోర్తిత్సా, 1804లో మోలోచ్నా వలస గ్రామాలు మొదలయ్యాయి. అక్కడ కొందరు సంపన్నులయ్యారు. అయితే పొలాన్ని ముక్కలు చేయరాదన్న నిబంధన వల్ల, 1860ల నాటికి మోలోచ్నాలో సగానికి పైగా కుటుంబాలకు సొంత భూమి లేకుండా పోయింది. ఒకే విశ్వాసం, ఒకే భాష ఉన్న ఊళ్లలో కూడా భూమి ఉన్నవాడు, లేనివాడు అని రెండు వర్గాలు ఏర్పడ్డాయి.

1874లో రష్యా నిర్బంధ సైనిక సేవను ప్రవేశపెట్టాక దాదాపు 18,000 మంది అమెరికా, కెనడాలకు తరలిపోయారు. కెనడాలోని మానిటోబాలో 1916లో ఆంగ్ల బోధనను తప్పనిసరి చేసినప్పుడు, పిల్లల చదువును ప్రభుత్వానికి వదలడం ఇష్టంలేని కుటుంబాలు మెక్సికోకు, పరాగ్వేకు బయలుదేరాయి. సైనిక సేవ నుంచి మినహాయింపును, సొంత బడుల హక్కును ఇస్తూ పరాగ్వే 1921లో చట్టం చేసింది. 1926 చివర్లో వెళ్లిన 1,700 మందికి పైగా జనం నదీ రేవు దగ్గర నెలల తరబడి ఎదురుచూస్తూ, రోగాలతో ఎందరో బిడ్డలను పోగొట్టుకున్న తరువాత గాని, చాకో అనే ముళ్లపొదల ప్రాంతంలో స్థిరపడలేకపోయారు. నేడు పరాగ్వే పాడి పరిశ్రమకు వారి సహకార సంఘాలు ఆయువుపట్టు. కానీ ఆ నేల ఖాళీగా లేదు. అక్కడ తరతరాలుగా ఉన్న ఎన్‌ల్హెత్ జనం తమ భూమిలోనే కూలీలయ్యారు. ఆ సంగతిని విడిచి వలసవారి కష్టాన్ని మాత్రమే చెప్పడం న్యాయం కాదు.

అహింస విషయంలోనూ అంతే నిజాయితీ కావాలి. 1569లో డిర్క్ విల్లెమ్స్ అనే డచ్చి విశ్వాసి చెర నుంచి తప్పించుకుని పారిపోతుండగా, వెంటాడుతున్న భటుడు పలుచని మంచు పగిలి నీళ్లలో పడ్డాడు. విల్లెమ్స్ వెనక్కి వచ్చి అతన్ని బయటికి లాగాడు, పట్టుబడ్డాడు, ఆస్పెరెన్ ఊరి వెలుపల సజీవ దహనానికి గురయ్యాడు. ఆ సాక్ష్యాన్ని ఇంటింటా చెప్పుకున్న జనమే, 1918, 1919 రష్యా అంతర్యుద్ధ కాలంలో అరాచకవాద నాయకుడు మఖ్నో ముఠాలు ఊళ్ల మీద పడినప్పుడు ఆత్మరక్షణ దళాలు కట్టి తుపాకులు పట్టారు. హిట్లర్ కాలంలో జర్మనీలోని మెన్నోనైట్ సంఘాలు చాలావరకు పాలకులతోనే నడిచాయి. స్టుట్‌హోఫ్ నిర్బంధ శిబిరం ఉన్నది విస్తులా ప్రాంతపు మెన్నోనైట్ పల్లెలకు దగ్గరలోనే. ఈ నిజాలను ఇటీవలి దశాబ్దాల్లో వారి చరిత్రకారులే తవ్వి తీస్తున్నారు, అది మెచ్చదగిన పని.

వారి సంస్థల్లో ప్రపంచానికి ఎక్కువగా తెలిసినది మెన్నోనైట్ సెంట్రల్ కమిటీ. అది ఒక కరువులోంచి పుట్టింది. యుక్రెయిన్‌లో ఆకలితో ఉన్న తమవారి కోసం అమెరికాలోని వేర్వేరు మెన్నోనైట్ శాఖలు 1920 జులైలో ఎల్కార్ట్‌లో సమావేశమై దాన్ని ఏర్పరచుకున్నాయి. సహాయానికి వెళ్లిన క్లేటన్ క్రాట్జ్ అనే యువకుణ్ని ఆ ఏడాదే అక్కడి సైనికులు నిర్బంధించారు, ఆయన మళ్లీ కనిపించలేదు. 1922లో గంజి కేంద్రాలు తెరుచుకుని, ఒక దశలో రోజుకు దాదాపు 25,000 మందికి అన్నం పెట్టాయి. గుర్రాలన్నీ యుద్ధంలో పోయాయని గ్రహించి దున్నడానికి 50 ట్రాక్టర్లు పంపారు. ఆకలి తీర్చడంతో ఆగక, మరుసటి పంట గురించి ఆలోచించిన ఆ తీరు నాకు ఎంతో నచ్చుతుంది. బెంగాల్ కరువు కాలంలో ఆ కమిటీ కలకత్తాకూ వచ్చింది. మనకు పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్‌లోని ధమ్తరి ఆసుపత్రికి, చాంపా కుష్ఠు ఆశ్రమానికి మూలం కూడా 1900 నాటి కరువులే.

ప్రశ్న: గుర్రపు బండ్లలో తిరిగే ఆమిష్ వారూ, మెన్నోనైట్లూ ఒకరేనా?
– ఒక పాఠకుడు, బొబ్బిలి

జవాబు: ఒకే మూలం, రెండు శాఖలు. సంఘ క్రమశిక్షణను మరింత కఠినంగా పాటించాలని 1693లో యాకోబ్ అమ్మాన్ వెంట విడిపోయినవారు ఆమిష్ వారు. మెన్నోనైట్లలో కూడా అటువంటి పాత పద్ధతులవారు కొందరు ఉన్నారు గాని, ఎక్కువమంది మనందరిలాగే జీవిస్తారు. నేడు ప్రపంచంలో ఈ కుటుంబానికి చెందిన సభ్యులు 21 లక్షలకు పైగా ఉండగా, వారిలో అధికులు ఆఫ్రికా, ఆసియా, లాటిన్ అమెరికా వారే. అన్నిటికన్నా పెద్ద సంఘం ఇథియోపియాది. 1982లో అక్కడి సైనిక ప్రభుత్వం ఆ సంఘాన్ని మూసివేసి, ఆస్తులన్నిటినీ స్వాధీనం చేసుకుంది. అప్పటికి సుమారు 5,000 మందిగా ఉన్న సభ్యులు ఇళ్లలో చిన్న గుంపులుగా కలుసుకుంటూ, 1991లో బయటికి వచ్చేనాటికి 30,000 దాటారు.

ప్రశ్న: మేము లూథరన్లం. మా విశ్వాస ప్రమాణంలో అనాబాప్టిస్టులను, అంటే మళ్లీ బాప్తిస్మం ఇచ్చేవారిని, ఖండించే మాటలు ఉన్నాయి. వారు మెన్నోనైట్ల పూర్వికులేనని విన్నాను. ఆ ఖండన ఇప్పటికీ వర్తిస్తుందా?
– ఒక పాఠకుడు, సాలూరు

జవాబు: మీరు చెప్పేది 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం గురించి. శిశు బాప్తిస్మాన్ని నిరాకరించడం, క్రైస్తవుడు ప్రభుత్వ పదవుల్లో ఉండరాదనడం వంటి బోధలను అది పేరెత్తి ఖండించింది. ఆ మాటలు గ్రంథంలో నేటికీ ఉన్నాయి, వాటిని ఎవరూ చెరిపివేయలేదు. అయితే ఆ ఖండన మాటలతో ఆగలేదు. లూథర్, ఆయన సహచరుడు మెలాంక్‌తోన్ వంటివారి వాదనలను పాలకులు హింసకు సమర్థనగా వాడుకున్నారు. దీనిపై లూథరన్లూ మెన్నోనైట్లూ కొన్నేళ్లపాటు కలిసి చరిత్రను అధ్యయనం చేసిన మీదట, 2010 జులైలో స్టుట్‌గార్ట్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య దేవుణ్ని, మెన్నోనైట్లను క్షమాపణ కోరింది. మెన్నోనైట్ ప్రపంచ సభ పక్షాన, జింబాబ్వేకు చెందిన దానీసా న్‌ద్లోవు ఆ మనవిని స్వీకరించారు.

మీ ప్రాంతానికి సంబంధించిన ఒక విషయం కూడా చెప్పాలి. సాలూరు, పార్వతీపురం వైపు వచ్చిన లూథరన్ మిషనరీలు జర్మనీలోని ష్లెస్విగ్-హోల్‌స్టైన్ ప్రాంతపు బ్రెక్లుమ్ మిషన్‌కు చెందినవారు. మెన్నో సైమన్స్ తన చివరి సంవత్సరాల్లో తలదాచుకుని 1561లో మరణించింది ఆ హోల్‌స్టైన్‌లోనే, ఒక భూస్వామి ఆశ్రయంలోనే. ఇతర చోట్ల వెంటాడి చంపుతున్న కాలంలో అక్కడ ఆయనకు నీడ దొరికింది. స్టుట్‌గార్ట్‌లో లూథరన్లు మరొక మాట కూడా ఇచ్చారు: ఇకమీదట తమ విశ్వాస ప్రమాణాలను బోధించేటప్పుడు ఈ చరిత్రను కూడా కలిపి బోధిస్తామని. స్థిరీకరణ తరగతుల్లో ఆ పాఠం ఎలా చెబుతున్నారో మీ పాస్టరు గారిని తప్పక అడగండి.