ఆ 340 నాణేలు ఎవరివి?

తమ్ముడూ,

నీ వీడియో గేమ్ కోసం రాసిన క్వెస్ట్, అంటే ఆటగాడు పూర్తిచేయాల్సిన ఘట్టం, రెండుసార్లు చదివాను. మొదటిసారి మాటల కోసం, రెండోసారి చివర్లో నువ్వు జతచేసిన బహుమతుల పట్టిక కోసం. మాటలు బాగున్నాయి. పట్టిక చూస్తే ఒళ్లు మండింది.

సైన్యం నుంచి పారిపోయి వచ్చిన పన్నెండుమంది రేవును పట్టుకుని కూర్చున్నారు. వాళ్లను నరికేస్తే 340 నాణేలు, దళపతి కత్తి, 500 ఎక్స్‌పీ (ఆటగాడి లెవెల్ పెంచే అనుభవ పాయింట్లు). మాట్లాడి ఒప్పిస్తే 50 ఎక్స్‌పీ, పైగా పడవ నడిపే ముసలాయన నీతిబోధ. నాలుగు పేజీలపాటు రక్తపాతం వద్దని పాత్రల చేత చెప్పించి, లెక్క దగ్గరికి వచ్చేసరికి నరికెయ్యమన్నావు. ఆటగాడు డైలాగులు స్కిప్ చేస్తాడు కానీ ఎక్స్‌పీ అంకెను చేయడు.

ఈ విషయంలో నాది మొండి పట్టు. పాయింట్లు ఇవ్వాల్సింది పని జరిగినందుకు, అది జరిగిన తీరుకు కాదు. రేవు తెరుచుకుందా, 500 ఇచ్చెయ్. 1974లో డన్జన్స్ అండ్ డ్రాగన్స్ అనే, బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రల ఆట వచ్చినప్పుడు గుహలోంచి తెచ్చిన ఒక్కో బంగారు నాణేనికి ఒక్కో ఎక్స్‌పీ. మరుసటి ఏడాది వచ్చిన అనుబంధ పుస్తకం రాక్షసుల్ని చంపితే వచ్చే పాయింట్లను బాగా కోసేసింది. దాంతో తెలివైనవాళ్లు రాక్షసుడు నిద్రపోయేదాకా ఆగి, సొమ్ము ఎత్తుకుని జారుకునేవారు. అహింస మీద ప్రేమతో కాదులే, పచ్చి దురాశతో!

పోనీ శాంతికి ఎక్కువ పాయింట్లు ఇద్దామా? 2011లో డియస్ ఎక్స్: హ్యూమన్ రివల్యూషన్ అనే వీడియో గేమ్ ఆ పనే చేసింది. దగ్గరికెళ్లి చంపితే వచ్చేదానికంటే స్పృహ తప్పిస్తే ఎక్కువ. ఎవరి కంటా పడకుండా దాటిపోగలిగినవాళ్లు కూడా పాయింట్ల కోసం వెనక్కొచ్చి ఒక్కో కాపలావాణ్ణీ పడగొట్టారు.

నాకూ దెబ్బ తగిలింది. నా తొలి ఆటలో దొంగల నాయకుణ్ణి కన్నీళ్లు పెట్టించి ఆయుధం వదిలించే సీన్ రాశాను, మూడు వారాలు పట్టింది. టెస్టింగ్‌లో కూర్చున్న కుర్రాడు ఆ సీన్ అంతా ఓపిగ్గా చూశాడు, ఒప్పించినందుకు పాయింట్లు తీసుకున్నాడు, ఆ నాయకుడు వెనక్కి తిరగ్గానే పొడిచి మళ్లీ పాయింట్లు, బూట్లు కూడా తీసుకున్నాడు. తప్పు వాడిది కాదు, పట్టిక నాది. అప్పటి మా టీమ్ లీడ్‌కి చెబితే "అయితే మంచితనం మీటర్ ఒకటి పెట్టు" అన్నాడు. ఆటగాడి మంచిచెడులను కొలిచి చూపే ఆ మీటర్లంటే నాకు ఇప్పటికీ పడదు. ఒక పక్క రంగు నిండడం కోసం దానాలు చేసే హీరోలు ఎంతమంది తయారయ్యారో!

అండర్‌టేల్ అనే గేమ్‌లో లాగా చంపనివాళ్లకు ఎక్స్‌పీ సున్నా చేయనా అని అడిగావు. వద్దు. అక్కడ ఆట మొత్తాన్ని ఆ సున్నా చుట్టూ కట్టారు, ఎవరినీ చంపకుండా 20 హెచ్‌పీ (ప్రాణశక్తి అంకె)తోనే చివరిదాకా వెళ్లొచ్చు. నీ నాలుగో క్వెస్ట్‌లో లెవెల్ 6 లేనివాడు తలుపు దగ్గరే చస్తాడు. మంచివాణ్ణి అక్కడ చంపేసి ఏం చెబుదామని?

డబ్బు సంగతి వేరే. ఎక్స్‌పీ నువ్విచ్చేది, నాణెం ఎవరో ఒకరి జేబులోది. రాజీపడితే సైనికులు జేబులు ఖాళీ చేసి ఇవ్వరు, ఇస్తే నేను నమ్మను. కానీ వాళ్లకు రేవు అవతలి కాలిబాట తెలుసు, కోటలో ఎవరు అమ్ముడుపోయారో తెలుసు. శవాలకు ఆ సంగతులు చెప్పే నోరుండదు. చంపినవాడికి కత్తి దక్కనీ, అయిదో క్వెస్ట్‌లో వాడు దారి వెతుక్కుంటూ తిరగనీ.

ముందు ముసలాయన నీతిబోధ కొట్టేసి, ఆ 340 నాణేలు వాళ్లకు ఎలా వచ్చాయో రాసి పంపు. జీతం బకాయి పడే సైన్యం వదిలామని రెండో పేజీలో నువ్వే చెప్పించావు.

మీ అన్న