ఒక రంగంలో నేర్చిన సిమ్యులేషన్ మరో రంగంలో అక్కరకు వస్తుందా?

కర్మాగారాల్లోని ఉత్పత్తి లైన్లకు సిమ్యులేషన్ మోడళ్లు (అసలు పని నడిచే తీరును కంప్యూటర్లో నకలు చేసి చూపేవి) తయారుచేసే ఉద్యోగంలో ఉన్నానని, ఆసుపత్రుల వైపో నిర్మాణ రంగం వైపో మారితే ఈ అనుభవం పనికొస్తుందా లేక మళ్లీ ఓనమాలు దిద్దుకోవాలా అని మీరు అడిగారు. నేనూ మీలాగే ఫ్యాక్టరీలో మొదలుపెట్టి ఆసుపత్రుల పనిలోకి వచ్చినవాణ్ణే. మారినప్పుడు సాఫ్ట్‌వేర్‌కు అలవాటుపడటానికి నాకు నెల రోజులు చాలాయి. మోడల్లో ఏది చేర్చాలి, ఏది వదిలేయాలి, వదిలేసింది నిజానికి వదలకూడనిదైతే ఎలా పట్టుకోవాలి అన్న విచక్షణ మాత్రం ఫ్యాక్టరీ నుంచే నా వెంట వచ్చింది. అది అబ్బడానికి పట్టిన కాలంతో పోలిస్తే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం లెక్కలోకే రాదు.

నా మొదటి మోడల్ సీసాలు నింపి, మూత బిగించి, లేబుల్ అంటించి, పెట్టెల్లో సర్దే ఒక లైన్‌కు సంబంధించినది. మెషీన్ల వేగాలు, షిఫ్ట్ వేళలు, ఆరు నెలల బ్రేక్‌డౌన్ రికార్డు అన్నీ ఎక్కించి నడిపితే, లైన్ నిజంగా తీస్తున్న దానికంటే దాదాపు పదో వంతు ఎక్కువ ఉత్పత్తిని మోడల్ చూపించింది. తప్పు నా కోడ్‌లోనే ఉందనుకొని రెండు వారాలు అక్కడే వెతికాను. చివరికి మూత బిగించే మెషీన్ పక్కన స్టాప్‌వాచ్ పట్టుకొని ఒక షిఫ్టంతా నిలబడితే గాని అసలు సంగతి తెలియలేదు. మూతలు జారివచ్చే గాడిలో ఐదు నిమిషాలకోసారి ఏదో ఒక మూత అడ్డం తిరిగేది. ఆపరేటర్ మెషీన్ ఆపి, సన్నటి చువ్వతో దాన్ని నెట్టి, మళ్లీ నడిపించేవాడు. అంతా కలిపి అర నిమిషం పని. అయితే ఐదు నిమిషాల లోపు ఆగితే లాగ్‌బుక్‌లో రాయనక్కర్లేదన్నది అక్కడి నియమం కాబట్టి, నా డేటాలో ఆ అర నిమిషాలు లేనే లేవు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే, "ఇది బ్రేక్‌డౌన్ ఎలా అవుతుంది సార్, రోజూ ఉండేదే కదా" అన్నాడు. ఐదు నిమిషాల నడకకు అర నిమిషం ఆగడం అంటే పదో వంతే. నాకు లెక్క తేలని తేడా సరిగ్గా అంతే.

కొన్నేళ్లకు ఒక ఆసుపత్రి అవుట్‌పేషెంట్ విభాగంలో రోగుల నిరీక్షణను మోడల్ చేయాల్సి వచ్చింది. అక్కడి గణితం కొత్తదేమీ కాదు. క్యూల సిద్ధాంతానికి పునాది వేసిన ఎర్లాంగ్ 1909లో కోపెన్‌హాగన్ టెలిఫోన్ కాల్స్ గురించి ఆలోచిస్తూ మొదలుపెట్టిన లెక్కలే, సీసాలకైనా రోగులకైనా వర్తిస్తాయి. ఆసుపత్రి యాజమాన్యానికి ముందుగా వివరించాల్సి వచ్చింది కూడా అదే సిద్ధాంతంలోని ఒక మొండి నిజం. రాకలూ, సేవకు పట్టే సమయాలూ రెండూ పూర్తిగా యాదృచ్ఛికంగా ఉండి, సేవ చేసేవారు ఒక్కరే ఉన్న అతి సరళమైన క్యూలో, ఆ ఒక్కరు 80 శాతం సమయం పనిలో ఉంటే సగటు నిరీక్షణ ఒక సేవా సమయానికి 4 రెట్లు ఉంటుంది. 90 శాతమైతే 9 రెట్లు, 95 శాతమైతే 19 రెట్లు. వైద్యులు ఖాళీగా ఉండకూడదు, రోగులు కూర్చోకూడదు అని రెండూ ఒకేసారి కోరుకునేవారికి ఈ అంకెలు రుచించవు. సగటులతో మాత్రమే లెక్క వేస్తే ఈ సంగతి కనిపించనే కనిపించదు.

అయినా మోడల్ ఇచ్చిన నిరీక్షణ నిజం కంటే తక్కువే వచ్చింది. ఈసారి కోడ్ జోలికి పోకుండా మరునాడు ఉదయమే వెళ్లి గది తలుపు దగ్గర కూర్చున్నాను. పరీక్షలు చేయించుకొని రిపోర్టులతో తిరిగివచ్చినవారు మళ్లీ లోపలికి వెళ్తున్నారు, రిజిస్టర్లో మాత్రం ఒక్కొక్కరి పేరు ఒక్కసారే ఉంది. "వాళ్లు కొత్త పేషెంట్లు కాదు కదండీ" అని నర్సు చెప్పగానే నాకు ఆ చువ్వే గుర్తొచ్చింది.

నిర్మాణ రంగం సంగతి వేరు. అక్కడ నిర్మాణాన్ని మూలకాలనే చిన్నచిన్న ముక్కలుగా విడగొట్టి బలాలను లెక్కించే పరిమిత మూలకాల పద్ధతికీ (ఫైనైట్ ఎలిమెంట్ మెథడ్) మన క్యూ మోడళ్లకూ గణితంలో చుట్టరికం చాలా తక్కువ. పొరపాట్లలో మాత్రం పోలికలున్నాయి, ఆ పొరపాట్లు రెండు రకాలుగా ఉంటాయి. నార్వేలో సముద్రంలో గ్యాస్ వెలికితీసే స్లైప్నర్ ఎ అనే వేదికకు కట్టిన కాంక్రీటు ఆధార నిర్మాణాన్ని 1991 ఆగస్టు 23న నీటిలోకి దించుతుండగా అది మునిగిపోయింది. కంప్యూటర్ విశ్లేషణలో మూలకాల వలను తగినంత సన్నగా వేయకపోవడంతో, అంటే ముక్కలు మరీ పెద్దవి కావడంతో, ఒక కీలకమైన చోట కోత ప్రతిబలం (పదార్థాన్ని పక్కకు జార్చి కోసే ఒత్తిడి) 47 శాతం తక్కువగా లెక్కకు వచ్చింది. దానికి తోడు అక్కడి ఉక్కు కడ్డీల అమరికా చాలలేదు. తర్వాత జాగ్రత్తగా మళ్లీ చేసిన విశ్లేషణ 62 మీటర్ల లోతులో గోడ విఫలమవుతుందని చెప్పింది. నిజంగా అది విఫలమైంది 65 మీటర్ల దగ్గర. అంటే సమీకరణాలు సరైనవే, వాటిని సాధించిన తీరులోనే తప్పుంది.

లండన్ మిలీనియం వంతెన కథ దీనికి తిరగేసినది. 2000 జూన్ 10న తెరిచి, రెండు రోజులకే మూసివేసిన ఆ పాదచారుల వంతెన విషయంలో లెక్కలు సవ్యంగానే చేశారు. కాని వంతెన పక్కలకు కొద్దిగా ఊగగానే జనం నిలదొక్కుకోవడానికి తెలియకుండానే ఆ ఊపుకు తగ్గట్టు అడుగులు వేస్తారని, దానితో ఊపు మరింత పెరుగుతుందని లెక్కలోకి తీసుకోలేదు. కుదుపును అణచే డ్యాంపర్లు బిగించి 2002లో గాని తిరిగి తెరవలేకపోయారు. నా మూతలు, రిపోర్టులు ఈ రెండో కోవకు చెందినవి. సమీకరణాలను సాధించడంలో దోషాన్ని కంప్యూటర్ ముందు కూర్చొని, వలను ఇంకా సన్నం చేసి చూసి పట్టుకోవచ్చు. సమీకరణంలోకే రాని విషయాన్ని మాత్రం అలా పట్టుకోలేం.

కాబట్టి ఆసుపత్రుల వైపైతే ఇప్పుడే దరఖాస్తు చేయండి. ఇంటర్వ్యూలో మీ లైన్ మోడల్ ఎక్కడ తప్పిందో, మీరు దాన్ని ఎలా కనిపెట్టారో చెప్పండి, ఎన్ని సాఫ్ట్‌వేర్లు వచ్చో తర్వాత చెప్పవచ్చు. నిర్మాణ రంగమే మీ మనసులో ఉంటే, ముందు ఘన యాంత్రిక శాస్త్రం (బలాలకు ఘన పదార్థాలు ఎలా వంగుతాయో, విరుగుతాయో చెప్పే శాస్త్రం) కుదురుగా చదవడానికి ఒకటి రెండేళ్లు కేటాయించుకోండి. అది రాకుండా ఆ రంగపు సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు వాడితే రంగురంగుల బొమ్మలు వస్తాయి గాని, వాటిలో ఏ రంగును నమ్మాలో మీకు తెలియదు.