84 ఏళ్ళకి కొత్తగా డిప్రెషన్ వస్తుందా?

వస్తుందండీ. ఇంతకుముందు ఎప్పుడూ లేదు కదా, ఈ వయసులో కొత్తగా ఏంటి అని మీ నాన్నమ్మగారి గురించి అడిగారు, 60 దాటాకే మొదటిసారి వచ్చేవాళ్ళు తక్కువేం కాదు, 80 దాటాక కూడా వస్తుంది. మా తాతగారికి 81లో వచ్చింది. రోజూ పొద్దున్నే వైజాగ్ ఆర్కే బీచ్‌లో నడిచొచ్చే మనిషి ఒక్కసారిగా మానేశారు, కాఫీ ముందు పెడితే చల్లారి మీగడ కట్టినా ముట్టేవారు కాదు, అడిగితే బాధ అనరు, "నీరసం, నిద్ర పట్టట్లేదు" అంతే. మేము వయసు కదా అనుకున్నాం, చూపించిన డాక్టరూ అదే అన్నారు, అలా ఆరు నెలలు పోయాయి.

ముందు థైరాయిడ్, బి12, షుగర్ టెస్టులు చేయించండి, వాడే బీపీ మాత్రలూ డాక్టర్‌కి చూపించండి, వీటివల్లా ఇలా ఉండొచ్చు. మెదడులో చిన్న రక్తనాళాలు దెబ్బతిన్నా ఇలా అవ్వచ్చు, మతిమరుపు జబ్బుకి మొదలూ కావచ్చు. తర్వాత సైకియాట్రిస్టు. వైజాగ్ చినవాల్తేరులో గవర్నమెంటు మెంటల్ కేర్ హాస్పిటల్ ఉంది, పేరు చూసి భయపడకండి. వెళ్ళడానికి ఒప్పుకోకపోతే టెలీ మానస్ అని గవర్నమెంటు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, 14416కి ఫోన్ చేయండి, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. చచ్చిపోతే బాగుణ్ణు లాంటి మాట అన్నా, తిండి మానేసినా మాత్రం ఆగకుండా వెంటనే తీసుకెళ్ళండి.

డిప్రెషన్ మందు మొదలుపెడితే సోడియం టెస్ట్ ఎప్పుడు చేయించాలో డాక్టర్ని అడగండి, ఆ మందులతో పెద్దవాళ్ళకి రక్తంలో సోడియం తగ్గిపోతుంటుంది.