లోయర్ చేసిన పోలోకు 205 టైర్లు ఒరుసుకోకుండా పడతాయా?

40 మి.మీ. లోయరింగ్ స్ప్రింగ్స్ (కారును కిందికి దించే స్ప్రింగులు) వేయించిన ఫోక్స్‌వ్యాగన్ పోలోకు ఇప్పుడున్న 185/60 ఆర్15 తీసేసి, 16 అంగుళాల 7జె (అంటే 7 అంగుళాల వెడల్పు) వీల్స్ మీద 205/50 టైర్లు వేస్తే ఒరుసుకుంటాయా, ఫెండర్ రోల్ చేయించక (అంటే వీల్ ఆర్చ్ లోపలి అంచును మడత పెట్టించక) తప్పదా అని అడిగారు. ఇదే కారు, ఇదే సైజు, ఇదే టెన్షన్ నేనూ పడ్డాను. పడతాయి. కానీ మీ ప్రశ్నలో ఒక అంకె లేదు, అసలు కథంతా దాని దగ్గరే ఉంది. మీరు చూసిన వీల్స్ ఈటీ (వీల్ ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందో చెప్పే అంకె) ఎంత?

నేను కూడా అది అడక్కుండానే కొన్నాను. డిజైన్ నచ్చింది, బేరం కుదిరింది, ఇంటికి తెచ్చాక వెనక్కి తిప్పి చూస్తే 7జె ఈటీ35. ఒక్కణ్నే నడిపినన్నాళ్లూ చిన్న చప్పుడు కూడా లేదు, బాగా కుదిరిందని మురిసిపోయాను. తర్వాత ఒక ఆదివారం బావమరిది కుటుంబాన్ని వెనక కూర్చోబెట్టుకుని అనంతగిరి కొండలకు బయలుదేరాం. వికారాబాద్ దాటాక ఘాట్ మలుపుల్లో వెనక కుడివైపు నుంచి 'గర్ర్' మని మొదలైంది. దిగి చూస్తే టైరు భుజం మీద చుట్టూ గీత, వీల్ ఆర్చ్ అంచున నల్లటి రబ్బరు పొడి. వచ్చేటప్పుడు ఇద్దర్ని బస్సెక్కించాల్సి వచ్చింది. ఆ మాట మా ఇంట్లో ఇప్పటికీ వినబడుతూనే ఉంటుంది.

ఈటీ అంటే, వీల్ వెడల్పుకు సరిగ్గా మధ్య గీత గీస్తే, హబ్‌కు (కారు వైపు వీల్ బిగించే భాగానికి) ఆనే ముఖం ఆ గీతకు ఎన్ని మి.మీ. బయటి వైపు ఉందో ఆ లెక్క. అది తగ్గితే వీల్ బయటికి వస్తుంది, పెరిగితే లోపలికి వెళుతుంది. నా పాత వీల్ వెనక 6జె ఈటీ40 అని ఉంది. 6 అంగుళాల్లో సగం 76 మి.మీ., అందులోంచి 40 తీసేస్తే హబ్ ముఖం నుంచి బయటికి 36 మి.మీ. 7జెలో సగం 89, అందులోంచి 35 తీస్తే 54. అంటే అంచు ఏకంగా 18 మి.మీ. బయటికి వచ్చింది, లోపలికి మాత్రం 8 మి.మీ. పెరిగింది. అదే 7జె ఈటీ45 అయితే బయటికి 8, లోపలికి 18. పోలోకు లోపల చోటు ఉందనడానికి సాక్ష్యం కంపెనీయే: యూరప్‌లో ఇదే పోలోకు 7జె, ఈటీ46, 215/45 ఆర్16 ఫ్యాక్టరీ నుంచే ఇచ్చారు.

లోయర్ చేయడం వల్లే తగులుతోందని అందరూ అంటారు, అది సగమే నిజం. టైరు పైకి ఎంతవరకు రాగలదో నిర్ణయించేది బంప్ స్టాప్, అంటే సస్పెన్షన్‌ను అక్కడితో ఆపే మెత్తటి దిమ్మ. స్ప్రింగ్ మార్చినా ఆ హద్దు మారదు. కంపెనీ ఇచ్చిన ఎత్తులో ఎప్పుడో పెద్ద గుంతలో పడ్డప్పుడు వెళ్లే చోటికి, ఇప్పుడు కాలనీ బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ వెళుతుంది. అందుకే బంప్ స్టాపులు కోసేద్దామని ఎవరైనా అంటే అక్కడి నుంచి వచ్చేయండి. స్ప్రింగులు కోసేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

నా సమస్య చూపిస్తే ఒక షాపులో హబ్‌కూ వీల్‌కూ మధ్య 5 మి.మీ. స్పేసర్ బిళ్ల వేస్తే సరిపోతుందన్నారు. బయటి అంచుకు తగులుతున్న టైరుని ఇంకా బయటికి నెట్టడమన్నమాట! స్పేసర్ పనికొచ్చేది లోపల స్ట్రట్‌కు (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ ఉండే కడ్డీకి) తగిలేటప్పుడే. చివరికి ఆ వీల్స్ నష్టానికి అమ్మేసి ఈటీ45 తీసుకున్నాను. రోలింగ్ అవసరం పడలేదు. వెనక బంపరూ ఫెండరూ కలిసే చోట ఆర్చ్ లోపలికి పొడుచుకొచ్చిన స్క్రూ ఉంటుంది, దాన్ని పొట్టిది వేయించాను. ముందు వైపు స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ చేస్తే లైనర్‌కు (ఆర్చ్ లోపలి ప్లాస్టిక్ తొడుగుకు) కాస్త తగిలేది. హీట్ గన్‌తో వేడిచేసి లోపలికి నొక్కితే పోయింది. మీకు రోలింగ్ తప్పకపోతే మాత్రం పెయింటు బాగా వేడెక్కాకే చేయమనండి, లేకపోతే పగిలి, తర్వాత తుప్పు పడుతుంది.

205 అంటే టైరు వెడల్పు సరిగ్గా 205 మి.మీ. అనుకోకండి. 205/50 ఆర్16 టైరు 6.5జె రిమ్ మీద ప్రామాణికంగా 214 మి.మీ. వెడల్పు ఉంటుంది, రిమ్ అర అంగుళం పెరిగితే ఇంకో 5 మి.మీ. కలపాలి. భుజం పలకగా ఉందా గుండ్రంగా ఉందా అన్నది కంపెనీని బట్టి మారుతుంది, అంచు దగ్గర తేడా చేసేది అదే. ఎత్తు సంగతైతే వ్యాసం 603 నుంచి 611 మి.మీ. అవుతుంది, మీటర్ రీడింగ్ కొంచెం తక్కువ చూపిస్తుంది, అంతే.

డబ్బు కట్టేముందు రెండు వీల్స్ వేయించి చూడండి. టైరు భుజానికి సుద్దముక్క రాసి, వెనక ముగ్గురిని కూర్చోబెట్టి, మీ అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మీద స్టీరింగ్ తిప్పుతూ ఏటవాలుగా దిగండి, ఎక్కండి. ఒక మూల పైకి, ఇంకో మూల కిందికి నొక్కుకునేది అప్పుడే. సుద్ద చెరిగిపోతే తగిలినట్టే. ఖాళీ కారులో ఫెండర్ కింద వేళ్లు దూర్చి 'రెండు వేళ్లు పడుతున్నాయి, ఓకే' అనే పరీక్ష నన్ను అనంతగిరి దాకా తీసుకెళ్లింది.

వేసిన తర్వాత అలైన్‌మెంట్ చేయించండి. స్ప్రింగులు కొత్తవైతే అవి సర్దుకోవడానికి ఒకట్రెండు వారాలు ఆగి చేయించడం మేలు. కారు కిందికి దిగితే ముందు చక్రాల టో (అవి లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారుతుంది, వదిలేస్తే టైరు లోపలి అంచు మీకు తెలియకుండానే అరిగిపోతుంది. వెనక ఉన్నది రెండు చక్రాలనూ కలిపే ఒకే దూలం (టార్షన్ బీమ్) కాబట్టి మామూలు అలైన్‌మెంట్ షాపులో అక్కడ తిప్పేదేమీ లేదు. ఇంకొకటి, కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కిందికి వస్తుంది, 2019లో సుప్రీంకోర్టు కూడా గట్టిగానే చెప్పింది. ఇన్సూరెన్స్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి.

బోల్టుల విషయం షాపులో ఎవరూ చెప్పరు. పోలో ఒరిజినల్ బోల్టుల తల కింద గోళాకారంగా ఉంటుంది, బయట దొరికే అలాయ్స్‌కు ఎక్కువగా శంకువు ఆకారం కావాలి. తప్పువి బిగిస్తే సరిగ్గా ఆనవు, ఎప్పుడైనా వదులవుతాయి. పోలో సెంటర్ బోర్ (వీల్ మధ్య రంధ్రం) 57.1 మి.మీ., మీ వీల్ రంధ్రం అంతకంటే పెద్దదైతే ఆ ఖాళీ నింపే హబ్ రింగులు వేయించండి. లేదంటే ఔటర్ రింగ్ రోడ్డు మీద స్టీరింగ్ వణుకుతుంది, మీరేమో టైరు తగులుతోందనుకుంటారు. 120 న్యూటన్ మీటర్లకు బిగించి, యాభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ చూడండి. స్టెప్నీకి పాత బోల్టులే కావాలి కాబట్టి ఐదు తీసి డిక్కీలో పెట్టుకోండి.