పాత సినిమాలను నవ్వుతూ సమీక్షిస్తే పెద్దవాళ్ళు నొచ్చుకుంటారా?

మీరు అడిగింది ఇదీ: "మేం ముగ్గురు స్నేహితులం. పాత తెలుగు సినిమాలను మళ్ళీ చూసి సరదాగా మాట్లాడుకునే పాడ్‌కాస్టు మొదలుపెట్టాలనుకుంటున్నాం. పెద్దవాళ్ళు నొచ్చుకోకుండా నవ్వించడం ఎలా?"

నేనూ, నా కాలేజీ స్నేహితులు ముగ్గురూ కలిసి మూడేళ్ళుగా సరిగ్గా ఈ పనే చేస్తున్నాం. ఇద్దరం హైదరాబాదులో ఉంటాం, ఒకడు తెనాలిలో, ఒకామె డాలస్‌లో. మాకు ఆదివారం ఉదయం ఏడు గంటలైతే ఆమెకు శనివారం రాత్రి. మా ఇంట్లో కుక్కరు కూత వేయకముందే, ఆమె ఇంట్లో పిల్లలు పడుకున్నాకే రికార్డింగ్ మొదలవుతుంది. ఈ మూడేళ్ళలో నాకు గట్టిగా తెలిసిన సంగతి ఒకటి చెబుతాను. పెద్దవాళ్ళు మన నవ్వుకు నొచ్చుకోరు. సినిమా సరిగా చూడకుండా నవ్వినప్పుడే వాళ్ళకు ఒళ్ళు మండుతుంది. అలా మండడం న్యాయమే.

'మాయాబజార్' భాగం చేసిన రోజు ఏం జరిగిందో చెబితే నా మాట అర్థమవుతుంది.

1957లో వచ్చిన ఆ సినిమాను మా నలుగురిలో ప్రతి ఒక్కరం చిన్నప్పటి నుంచి పదిసార్లు చూశామన్న ధీమాతో ఉన్నాం. మళ్ళీ చూడడం ఎందుకు, నోటికి వచ్చిన సినిమాయే కదా అనుకుని నేరుగా రికార్డింగ్‌కు కూర్చున్నాం. పది నిమిషాలు బాగానే నడిచింది. అప్పుడు మా తెనాలి మిత్రుడు తన్మయత్వంతో ఒక దృశ్యం వర్ణించడం మొదలుపెట్టాడు. భీముడు వచ్చి ఎస్వీ రంగారావును గట్టిగా కౌగిలించుకుంటాడట. తండ్రీకొడుకులు ఇద్దరూ కొండల్లా తెర నిండా నిలబడతారట. ఆ దృశ్యం చూసినప్పుడల్లా తనకు వాళ్ళ నాన్న గుర్తొస్తారట. చెబుతుంటే వాడి గొంతు కొంచెం బరువెక్కింది కూడా.

నేను వెంటనే అడ్డుపడ్డాను. "మాయాబజార్‌లో భీముడెక్కడున్నాడు?" అన్నాను.

"ఘటోత్కచుడి సినిమాలో వాడి తండ్రి లేకపోవడమేమిటి?" అన్నాడు వాడు. డాలస్ స్నేహితురాలు వాడి పక్షమే చేరింది. పాండవుల కథలో పాండవులు లేకుండా ఎలా ఉంటారని ఆమె వాదన. చివరికి పందెం కట్టుకున్నాం. ఓడినవాళ్ళు వచ్చే నాలుగు భాగాలకు ఎడిటింగ్ మొత్తం ఒంటరిగా చేయాలి. మా జట్టులో అంతకంటే పెద్ద శిక్ష లేదు. రికార్డింగ్ ఆపి, నాలుగు ఇళ్ళలో ఒకేసారి సినిమా మొదలుపెట్టి, సుమారు మూడు గంటలు కదలకుండా చూశాం.

భీముడు లేడు. ధర్మరాజు లేడు, అర్జునుడు లేడు, ఐదుగురిలో ఒక్కరూ లేరు. వాళ్ళ కష్టాలన్నీ మనం ఎవరో ఒకరి నోట వింటాం. సుభద్ర బాధలో, అభిమన్యుడి కోపంలో, శ్రీకృష్ణుడి మందహాసం వెనక వాళ్ళున్నారని మనకు తెలుస్తూనే ఉంటుంది, కానీ తెర మీదికి మాత్రం రారు. కె.వి. రెడ్డి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు రచన ఎంత గొప్పవంటే, మహాభారత కథలో నుంచి పాండవులను తీసేసినా ఇన్నేళ్ళుగా వాళ్ళు లేరన్న సంగతి చాలామందికి తట్టలేదు. పదిసార్లు చూసిన మావాళ్ళకే తట్టలేదు కదా. నాకు ఆ రోజు ఆ సినిమా మీద గౌరవం రెట్టింపయింది.

మా వాడు మాత్రం ఒప్పుకోలేదు. "నేను చూశాను, ఒట్టు, ఆ కౌగిలింత నా కళ్ళ ముందు ఉంది" అని పట్టుబట్టాడు. వంటింట్లో ఉన్న వాళ్ళ అమ్మగారు ఈ గొడవంతా వింటూనే ఉన్నారు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి మైకు దగ్గర కూర్చున్నారు.

"ఒరేయ్ నాన్నా, నువ్వు చూసింది మాయాబజార్ కాదు, నర్తనశాల" అన్నారు. "దూరదర్శన్‌లో వేస్తే నా ఒళ్ళో కూర్చుని చూశావు. అందులో భీముడు విరాటరాజు కొలువులో వంటవాడు, వలలుడు. రంగారావుగారు కీచకుడు. అది కౌగిలింత కాదురా, కీచకవధ! అక్కడ ఆయన్ను చంపుతుంటే నువ్వు చప్పట్లు కొట్టావు."

రెండు క్షణాలు నాలుగు ఇళ్ళూ నిశ్శబ్దం. ఆ తర్వాత మేం నవ్విన నవ్వు మా పాడ్‌కాస్టులో ఇప్పటికీ ఎవరూ మరిచిపోలేదు. డాలస్‌లో నిద్రపోతున్న పిల్లలు లేచారు. ముప్పై అయిదేళ్ళుగా పుత్రవాత్సల్యం అనుకుని వాడు గుండెల్లో దాచుకున్న దృశ్యం, తీరా చూస్తే ఒక మనిషి ప్రాణం తీసే పట్టు! అందరికంటే ఎక్కువగా నవ్వింది వాళ్ళ అమ్మగారే. నవ్వు ఆగాక, తాను చిన్నతనంలో ఊళ్ళో టూరింగ్ టాకీసులో నేల టిక్కెట్టు మీద కూర్చుని 'నర్తనశాల' చూసిన రోజును ఇరవై నిమిషాలు చెప్పారు. రీలు మార్చే విరామాలు, కీచకుడు తెర మీదికి రాగానే ఆడవాళ్ళు పెట్టిన శాపనార్థాలు, ఇంటికి వచ్చే దారిలో బండి మీద నిద్రపోయిన సంగతి, అన్నీ.

ఇప్పుడు మీ ప్రశ్నకు వస్తాను. ఆవిడ నొచ్చుకున్నారా? లేదు. ఎందుకంటే మేం సినిమాను చూసి నవ్వలేదు, సినిమా దగ్గర మా జ్ఞాపకం ఓడిపోయినందుకు నవ్వాం. పాత సినిమాల పాడ్‌కాస్టుకు ఇంతకంటే మంచి ఊట మరొకటి లేదని నేను రాసివ్వగలను. ప్రతి ఒక్కరూ సినిమాను విడివిడిగా, పూర్తిగా, పాటలు దాటవేయకుండా ఆ వారంలోనే చూడాలి. అయితే చూసే ముందు తమకు గుర్తున్న కథను ఒక కాగితం మీద రాసుకోవాలి. చూశాక ఆ కాగితం తీసి చదవండి. హాస్యం కోసం మీరు మళ్ళీ వెతుక్కోనవసరం లేదు.

అరిగిపోయిన హాస్యం జోలికి మాత్రం వెళ్ళకండి. 'మాయాబజార్' గురించి మాట్లాడే ప్రతివారూ ప్రియదర్శిని పెట్టెను చూసి ల్యాప్‌టాప్ అంటారు. ఒకసారి నవ్వు వస్తుంది, నూరోసారి విసుగు వస్తుంది. దాని బదులు ఆ పెట్టెలో ఎవరికి ఏం కనిపిస్తుందో చూడండి. చూసేవారి మనసుకు ఏది ప్రియమో అది చూపించే పెట్టె అది. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు, సరే. శ్రీకృష్ణుడికి శకుని కనిపిస్తాడు! ఎందుకు? ఆ ఒక్క ప్రశ్న మీద మేం నలుగురం ముప్పావుగంట పోట్లాడుకున్నాం. మా భాగాల్లో శ్రోతలు ఎక్కువగా ఉత్తరాలు రాసింది ఆ పోట్లాట గురించే.

అలాగే ఒక సినిమా నుంచి మరో సినిమాకు తీగ లాగండి. జంధ్యాల తన సినిమాలకు పేర్లు ఎక్కడ దొరకబుచ్చుకున్నారో గమనించారా? 1987లో 'అహ నా పెళ్ళంట', 1988లో 'వివాహ భోజనంబు', 'చూపులు కలసిన శుభవేళ'. మూడూ 'మాయాబజార్' పాటల్లోవే. తన కాలపు నవ్వులన్నిటికీ ముప్పై ఏళ్ళ నాటి సినిమా గడపలోనే ముగ్గు వేశారాయన. పాత సినిమాను ప్రేమిస్తూ దాని మీద నవ్వించడం ఎలాగో నేర్చుకోవాలంటే ఆయనను మించిన గురువు లేరు.

ఇక నాకు బాధ కలిగించే విషయాలు కొన్ని చెప్పకుండా ఉండలేను. అంతర్జాలంలో దొరికే పాత సినిమాల ప్రతులు చూస్తే గుండె తరుక్కుపోతుంది. చతురస్రానికి దగ్గరగా ఉండే పాత తెరను ఇప్పటి వెడల్పాటి తెరకు సాగదీస్తారు, లేదా పైనా కిందా కోసేస్తారు. సావిత్రి కళ్ళతో నటిస్తుంటే నుదురు ఉండదు, రంగారావు గద ఎత్తితే గద ఉండదు. ఒక మూల పెద్ద ముద్ర, కింద ఏవో ప్రకటనలు. అన్నిటికంటే దారుణం, మొదట్లో వచ్చే పేర్లు కత్తిరించడం. మాటలు ఎవరు రాశారో, కెమెరా ఎవరు పట్టారో తెలియకుండా పోతోంది. 'లాహిరి లాహిరి' పాటలోని వెన్నెలను మనకిచ్చింది మార్కస్ బార్ట్లే అని కొత్తగా చూసే పిల్లవాడికి ఎలా తెలుస్తుంది? అందుకే మేం ప్రతి భాగాన్నీ ఆ పేర్లు పూర్తిగా చదివే మొదలుపెడతాం. రెండు నిమిషాలు పడుతుంది. ఎంతమంది వద్దన్నా మానలేదు, మానం.

రంగులద్దడం గురించి కూడా ఒక మాట. 2010లో 'మాయాబజార్' రంగుల్లో విడుదలైనప్పుడు చాలామంది సంబరపడ్డారు. కొత్త తరాన్ని థియేటరుకు తెచ్చింది కాబట్టి దాన్ని పూర్తిగా కాదనను. కానీ మీ పాడ్‌కాస్టుకు ముందు నలుపు తెలుపు ప్రతినే చూడండి. వెలుగునీడల కోసమే దిద్దుకున్న ముఖాలవి.

ఒక జాగ్రత్త కూడా ఉంది. అన్నిచోట్లా నవ్వకూడదు. పాత హాస్య చిత్రాలు కొన్నిటిలో అమ్మాయి వెంటపడి వేధించడాన్ని సరసం అన్నారు, భార్య చెంప పగలగొట్టడాన్ని మగతనం అన్నారు, నల్లగా ఉన్నవాళ్ళనూ లావుగా ఉన్నవాళ్ళనూ నవ్వులపాలు చేశారు. అలాంటిచోట మేం నవ్వు ఆపి, ఇది తప్పు అని సూటిగా చెప్పి ముందుకు వెళ్తాం. ఈ పద్ధతి పెట్టింది మా డాలస్ స్నేహితురాలు. "ఆ రోజుల్లో అంతే" అని దాటవేయబోయిన మమ్మల్ని ఆమె రికార్డింగ్‌లోనే నిలదీసింది. ఆ మాటలను మేం తీసేయలేదు.

పనికొచ్చే చిన్న విషయాలు: ఎవరి గొంతు వారు తమ ఫోనులోనే విడిగా రికార్డు చేసుకోండి, మొదట అందరూ ఒక్కసారి చప్పట్లు కొట్టండి. తర్వాత నాలుగు రికార్డింగులనూ ఆ చప్పుడు దగ్గర కలపవచ్చు. బట్టల బీరువా ఉన్న గదిలో కూర్చుంటే గొంతు మారుమోగదు. సినిమా పాటలనూ మాటలనూ అలాగే పెట్టకండి, హక్కులున్నవారు అభ్యంతరం చెబితే భాగం మొత్తం పోతుంది. మాది ఒకటి అలాగే పోయింది, కేవలం కొన్ని క్షణాల పాట కోసం. పాటను మీరే పాడుకోండి. శ్రుతి తప్పినా శ్రోతలకు ఇష్టమే.

మా తెనాలి మిత్రుడు పందెం ప్రకారం నాలుగు భాగాలూ తానే ఎడిట్ చేశాడు. అందులో మొదటిది 'నర్తనశాల'. ఆ రోజు వాళ్ళ అమ్మగారు ఐదో గొంతుగా మాతో కూర్చున్నారు. కీచకవధ వచ్చేదాకా మమ్మల్ని ఒక్క వెకిలి మాట అననివ్వలేదు. ఆ దృశ్యం రాగానే "ఇదిగో, నీ కౌగిలింత" అన్నారు కొడుకుతో. తర్వాత, భీముడి వేషం వేసిన దండమూడి రాజగోపాల్ నిజంగానే పెద్ద పెద్ద బరువులు ఎత్తిన వీరుడని మాకెవరికీ తెలియని సంగతి చెప్పి, ఆ పట్టు నటన కాదేమో చూడండని మళ్ళీ వేయించారు. మూడుసార్లు చూశాం. ఆ భాగం గంటా నలభై నిమిషాలు వచ్చింది. మామూలుగా సగానికి సగం కోసేసే మా వాడు అందులో ఒక్క నిమిషం కూడా కత్తిరించలేదు.